లేని వంతెనకు రెండు ఫలకాలు

వకుళ మొగుడు ఇంగ్లండు వెళ్ళాడన్నది ఆమె ఫిర్యాదు కాదు. ఆఫీసు పంపించింది, వెళ్ళాడు. రెండు వారాల్లో తిరిగొస్తానన్నాడు. విమానం వచ్చింది, పెట్టె వచ్చింది, పెట్టెలో పెట్టి పంపిన కందిపొడి సీసా మూత కూడా తియ్యకుండా వచ్చింది. మనిషే ఇంకా రాలేదు. శరీరం మాత్రం రాజమండ్రిలో కంచం ముందు కూర్చుని బీరకాయ పప్పు కలుపుకుంటుంది. నోరు లోయర్ మప్లింగ్‌లో ఉంటుంది.

లోయర్ మప్లింగ్ అంటే ఇంగ్లండులో ఒక పల్లె. పల్లె కూడా కాదు, పల్లెకు తోక. శిక్షణకు వెళ్ళిన అధికార్లను ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్ళి చూపించారు. చేతివేళ్ళూ కాలివేళ్ళూ కలిపితే సరిపోయేటన్ని ఇళ్ళు, ఒక చర్చి, ఒక సారాకొట్టు (వకుళ మొగుడు చిదంబరరావు దాన్ని ‘సత్రం’ అంటాడు), బాతులు తిరిగే ఒక గుంట. అంతే ఊరు. కానీ ఆ ఊరికి చరిత్ర ఉంది. ఆ చరిత్రకు పుస్తకం ఉంది. ఏ గోడ చూసినా నీలంరంగు ఫలకం ఉంది. ఫలానా రాజుగారి గుర్రం ఈ రాయి దగ్గర నీళ్ళు తాగలేదని ఒక ఫలకం. ఈ గంటను దొంగలు ఎత్తుకుపోబోయి, బరువెక్కువని వదిలేసి పోయారని ఇంకొకటి. ఒక పెంకుటింటి మీద మరీ విడ్డూరంగా, “ఒక మహాకవి ఈ ఇంట వారం రోజులు బస చేయవలసి ఉండి, జలుబు చేసినందువల్ల రాలేదు” అని.

“చూశావా వకుళా, రానివాడికి కూడా ఫలకం! సంస్కృతి అంటే అదీ!” అన్నాడు చిదంబరరావు, ముద్ద చేతిలోనే ఆపేసి.

“రానివాళ్ళకి ఫలకాలు పెట్టుకుంటూ పోతే మన పనిమనిషికి గోడలు చాలవండీ,” అంది వకుళ నెయ్యి వడ్డిస్తూ.

ఇంకోసారి ఉండబట్టలేక అడిగింది, “మరి అప్పర్ మప్లింగ్ ఎక్కడుందండీ?”

“లేదు.”

“అది లేనప్పుడు ఇది దేనికి లోయరు?”

“చరిత్రని అలాంటి ప్రశ్నలు అడగకూడదు,” అని ఆయన గంభీరంగా మజ్జిగ పోసుకున్నాడు.

ఇదంతా భోజనం దగ్గర మొదలై చెయ్యి కడుక్కోవడంతో ఆగిపోయే పిచ్చయితే వకుళకు బెంగ ఉండేది కాదు. కానీ ఆయన గ్రామీణ ఆనవాళ్ళ పరిరక్షణ సంస్థలో జాయింట్ డైరెక్టరు. తాను ఏం చెయ్యాలో తనకే తెలియక ఆ సంస్థ ఏళ్ళ తరబడి ఎవరికీ హాని చెయ్యకుండా బతుకుతోంది. చిదంబరరావు తిరిగొచ్చి లావుపాటి నివేదిక ఒకటి సమర్పించాడు. కమీషనర్ విశ్వంభరంగారు దాన్ని చదివారనడం అన్యాయం. అట్ట చూశారు. అట్ట మీద బాతులు ముచ్చటగా ఉన్నాయి. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: “రాష్ట్రమందలి ప్రతి శివారు పల్లెకును చరిత్ర ఉండవలెను. లేని పక్షమున నెలాఖరులోగా ఉండునట్లు సంబంధిత సిబ్బంది చర్య తీసుకొనవలెను.”

మొదటి ప్రయోగానికి చిదంబరరావు కోనసీమలోని కందులవారిమెరకను ఎంచుకున్నాడు. వకుళను పెంచిన మంగాయమ్మ పిన్ని ఊరు అది. “తెలిసిన ఊరైతే పరిశోధనకు సౌకర్యం,” అన్నాడు. ఆ సౌకర్యం పేరు పనసపొట్టు కూర అని వకుళకు తెలుసు.

మెరకకు మూడు పక్కలా కాలవ. నాలుగో పక్క పొలాలు, వానలు పడితే అవీ కాలవే. పూర్వం రోడ్డు వైపుకు ఒక వంతెన ఉండేది. ఎప్పుడో వరదకు కూలింది. అప్పట్నుంచీ జనం కాలవకు అడ్డంగా వేసిన ఒక తాటిదుంగ మీద సర్కసు చేస్తూ దాటుతున్నారు. గుర్రపుడెక్క దట్టంగా పట్టేసి దోనె కూడా కదలదు. పోయిన ఏడు మంగాయమ్మ ఆ దుంగ మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. “చెయ్యి అతుక్కుందమ్మా, ధైర్యం అతకలేదు” అంటుంది ఇప్పటికీ.

అలాంటిది ఈ ఏడు, ఏ దేవుడు కళ్ళు తెరిచాడో, కొత్త వంతెన మంజూరైంది. కంకరా ఇసుకా వచ్చి గట్టు మీద పడ్డాయి. మంగాయమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ కంకర కుప్పను చూసుకుని వచ్చేది, పాడి గేదెను చూసుకున్నట్టు. కారణం ఉంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు నాగలత కాలవకు అవతలి రోడ్డు మీద అత్తారింట్లో ఉంది. నెలలు నిండుతున్నాయి. తొలిచూలు పురుడు పుట్టింట్లో పొయ్యాలి. నిండు చూలాలు తాటిదుంగ ఎక్కి పుట్టింటికి ఎలా వస్తుంది?

“వంతెన అయ్యాక దాన్ని తెచ్చుకుంటానే వకుళా,” అంది పిన్ని ఫోన్లో. “కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పసివెధవకి నా చేత్తో నీళ్ళు పొయ్యాలి. ఈ చెయ్యి అందుకే అతుక్కుందనుకుంటున్నా.”

సర్వే రోజున వకుళ కూడా వెళ్ళింది. చిదంబరరావు కింద త్రిమూర్తులనే సెక్షన్ ఆఫీసరు ఉన్నాడు. నియమం అంటే అతనికి ప్రాణం. గొడుగు వెయ్యమని రాసి ఉంటే ఎండా వానా చూసుకోకుండా వేస్తాడు. ఊరి జనాన్ని మంగాయమ్మ ఇంటి అరుగు ముందు కూర్చోబెట్టి అతను గొంతు సవరించుకున్నాడు.

“ఈ గ్రామమందలి ముఖ్యమైన ఆనవాళ్ళను వివరించవలసిందిగా కోరడమైనది.”

కొబ్బరి దింపు తీసే గంగులు ఊళ్ళో మాటకారి. అతను లేచాడు. “ఆనవాళ్ళంటే ఏటండి?”

“ఒకరికి దారి చెప్పాలంటే ఏం చెబుతారయ్యా? అవే.”

“అలాగనండి మరి! ఆయ్, పడిపోయిన యాపచెట్టు దాటేక కుడిపక్క మా ఇల్లండి. కాలిపోయిన టూరింగు టాకీసు దగ్గర తిరిగితే కరణంగారిల్లు. మంగాయమ్మగారి ఇంటికెళ్ళాలంటే కరిసే కుక్క మూల మీంచెల్లాలండి.”

త్రిమూర్తులు చటుక్కున కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. “కరిచే కుక్కా?”

“సచ్చిపోయి సానా ఏళ్ళయిందండి. అయినా ఆ మూలకొచ్చేసరికి ఇప్పటికీ అందరం అవతలి పక్కనించే నడుత్తాం. అలవాటైపోయిందండి.”

చిదంబరరావు మొహం నల్లబడింది. “చెట్టు పడిపోయింది, టాకీసు కాలిపోయింది, కుక్క చచ్చింది. ఉన్నవి చెప్పండయ్యా!”

“ఉన్నవాటితో దారెవరు సెబుతారండి?” గంగులుకు నిజంగానే అర్థం కాలేదు. “ఉన్నది ఇయ్యాళ ఉంటది, రేపు పోద్ది. పోయింది మాత్రం ఎక్కడికీ పోదు కదండి!”

మంగాయమ్మ లోపల్నించి కాఫీలు తెస్తూ అందుకుంది. “మా ఊరు రావాలన్నా అంతే అల్లుడుగారూ. కూలిన వంతెన దగ్గర దిగమంటాం. బస్సు కండక్టరు కూడా అలాగే అరుస్తాడు.”

ఆ పూట పనసపొట్టు కూర కూడా చిదంబరరావు లోపలికి సరిగా దిగలేదు. ఊరికి ఒక్క ఆనవాలూ లేదు. ఉన్నవన్నీ లేనివే. తిరుగు ప్రయాణంలో కారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు, రావులపాలెం దాటాక ఒక్కసారిగా తొడ చరుచుకున్నాడు. ఆ తొడ వకుళది.

“మహాకవి!” అన్నాడు. “జలుబు చేసి రాని మహాకవి! వాళ్ళకి ఒక్కడు రాకపోతేనే ఫలకం పెట్టుకున్నారు. మన దగ్గర ఊరంతా లేనివే! వకుళా, ప్రపంచంలో ఇంత సంపద ఇంకెక్కడా లేదు!”

“సరిగ్గా చెప్పారు. లేదు,” అంది వకుళ తొడ రుద్దుకుంటూ.

అలా పుట్టింది ‘రక్షిత లేమి’ పథకం. ఉత్తర్వు ప్రతిని చిదంబరరావు భార్యకు పైకి చదివి వినిపించాడు: “ఏదేని వస్తువు, కట్టడము, వృక్షము లేక జంతువు ఒకప్పుడు ఉండి ప్రస్తుతము లేకపోవుటవలన ప్రజల నోళ్ళలో స్థిరపడినచో, సదరు లేకపోవుటను రక్షిత లేమిగా ప్రకటించడమైనది. సదరు లేమికి భంగము కలుగునట్లు ఎవరును అచ్చట ఏమియు ఉంచరాదు.”

“ఎంత బాగా వచ్చిందో!” అన్నాడు.

“ఏమీ లేకుండా ఇంత రాయడం మీకే చెల్లిందండీ,” అంది వకుళ. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

వారం తిరిగేసరికి మెరకలో నీలం ఫలకాలు వెలిశాయి. “ఇచ్చట వేపచెట్టు లేదు.” “ఇచ్చట టూరింగు టాకీసు కాలిపోయి ఉన్నది.” “ఇచ్చట కుక్క కరవదు (ఒకప్పుడు కరిచేది).” పడిపోయిన వేపచెట్టు మొదట్లో వానకు ఒక చిగురు మొలిస్తే త్రిమూర్తులు స్వయంగా వచ్చి, లేమికి ముప్పు వాటిల్లుచున్నదని రాసుకుని పీకించాడు. మళ్ళీ మొలుస్తుందేమోనని ఒక కాపలావాణ్ణి పెట్టారు. కాపలావాడు నీడ లేక ఎండకు సొమ్మసిల్లితే, అతనికి నీడకోసం ఒక పందిరి వెయ్యొచ్చా కూడదా అన్న విషయం మీద పైఆఫీసుకు రాశారు. కూడదని జవాబొచ్చింది.

కుక్క మూలలో గంగులు పెంపుడు కుక్క పడుకుంటే నోటీసు ఇచ్చారు. గంగులు ఆ కాగితాన్ని కుక్క ముందు పెట్టాడు. అది వాసన చూసి అక్కడే పడుకుంది. ధిక్కారమని రాసుకున్నారు.

వింత ఏమిటంటే, పట్నం నుంచి జనం రావడం మొదలెట్టారు. లేనివాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. గంగులు దింపు మానేసి గైడు అయ్యాడు. “ఇటు సూడండి బాబూ, బాగా సూడండి. ఏవన్నా కనపడిందా? కనపడలేదు కదా! మీకు కనపడనిది మా తాతలకి కనపడేదండి. అదీ గొప్ప!” అంటే జనం తలలూపేవాళ్ళు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన లేని వేపచెట్టు ముందు కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఇదంతా బాగానే ఉంది. కుక్క కరవకపోతే వకుళకేం, చెట్టు లేకపోతే వకుళకేం. కానీ ఒకరోజు పిన్ని ఫోను చేసి, గొంతు చాలా మామూలుగా పెట్టుకుని అంది.

“కంకర ఎత్తుకెళ్ళిపోయారే. కూలిన వంతెన ఉందిగా, అదేదో లేమిట. దాని మీద వంతెన కడితే ఆ లేమి పోతుందిట. మీ త్రిమూర్తులు వచ్చి తాడు కట్టి పోయాడు. అల్లుడుగారు సంతకం పెట్టారుట.”

“పిన్నీ...”

“పోన్లే. నాగలతని వాళ్ళత్తగారే చూసుకుంటుంది. మంచావిడే. పిల్లాడికి పేరు పెట్టినప్పుడైనా ఫోటో పంపిస్తారులే.”

పిన్ని అరిచినా వకుళకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

భోజనం దగ్గర అడిగింది. చిదంబరరావు ముద్ద మింగి, మొహం అధికారికంగా పెట్టాడు. “చూడు వకుళా, వంతెన ఎక్కడైనా ఉంటుంది. కూలిన వంతెన ఎక్కడుంటుంది? ఆ ఊరికి ముఖ్యమైన ఆనవాలే అది. బంధుత్వం చూసుకుని చరిత్రను పూడ్చెయ్యమంటావా?”

“ఆ లోయర్ మప్లింగ్‌లో వంతెన కూలితే ఏం చేశారండీ?”

“అక్కడ కూలలేదు. అదే వాళ్ళ దురదృష్టం.”

ఇంక మాట్లాడి లాభం లేదని వకుళకు అర్థమైంది. మర్నాడు మధ్యాహ్నం చిదంబరరావు ఇంటికొచ్చేసరికి పొయ్యి గట్టు మీద నీలం అట్టముక్క ఒకటి నిలబడి ఉంది: “ఇచ్చట ఒకప్పుడు ఉప్పుడుపిండి ఉండేది.” వకుళ హాల్లో కూర్చుని పత్రిక చదువుకుంటోంది.

“ఇదేమిటి?”

“లేమి. భంగం చెయ్యకండి.”

ఆయన హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించుకున్నాడు. ముచ్చటపడ్డాడు కూడా. “నీకూ ఈ విషయంలో ఆసక్తి కలిగిందన్నమాట!” అన్నాడు. కొంతమంది మీద ఎత్తిపొడుపు కూడా వానచినుకులా జారిపోతుంది, తడపదు.

ఈలోగా పథకం పైకి పాకింది. ఇతర శాఖలకు దీని అందం తెలిసొచ్చింది. ఒక శాఖవాళ్ళు ఫలానా మండలంలో ఆసుపత్రి లేకపోవడం మూడు తరాలుగా వస్తున్నదనీ, దాన్ని రక్షిత లేమిగా గుర్తించాలనీ రాశారు. ఇంకో శాఖవాళ్ళు కుళాయిలు లేని వీధుల జాబితా పంపారు. ఒక ఊళ్ళో మేష్టారి లేమికి ఫలకం పెట్టి, దండ వేసి, పిల్లలకు సెలవిచ్చారు. విశ్వంభరంగారు సభలో ఆనందబాష్పాలు రాల్చారు.

“మిత్రులారా! మనము ఏమియు చేయలేదని గిట్టనివారు నిందించుచున్నారు. ఇంతకాలము మనము చేయని పనులేవియు వృథా పోలేదని నేడు రుజువైనది. మన పూర్వులు చేయనిదానిని మనము కాపాడుదాము. మనము చేయనిదానిని రాబోవు తరములకు అందింతము!”

చప్పట్లు మోగాయి. ఈ ఉత్సాహంలోనే, పథకానికి లాంఛనమైన ప్రారంభోత్సవం కందులవారిమెరక కాలవ గట్టునే జరగాలనీ, కూలిన వంతెన లేమిని కమీషనరుగారు స్వయంగా ఆవిష్కరించాలనీ నిర్ణయమైంది.

ఆ వార్త చిదంబరరావు ఇంటికి తెచ్చిన రోజున వకుళ ఆయనకిష్టమైన పులిహోర చేసింది. ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూ, ఏమీ ఎరగనట్టు అంది.

“నాకొక సందేహమండీ. వంతెనకి రెండు కొసలుంటాయి కదా. లేని వంతెనకీ రెండు కొసలుండాలిగా? ఫలకం ఒక గట్టునే పెడితే రెండో గట్టున లేనిది ఎవరు చూస్తారు?”

చిదంబరరావు చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. పెళ్ళయినప్పట్నుంచీ భార్యను అంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు. “రెండు ఫలకాలు! రోడ్డు వైపు కమీషనరుగారు, ఊరి వైపు నేను! అద్భుతం!”

“ఇంకొకటండీ. వంతెన లేదంటున్నాం. కానీ ఆ తాటిదుంగ ఉంది. దాని మీదనించి జనం దాటుతూనే ఉన్నారు. అంటే ఒక రకంగా వంతెన ఉన్నట్టేగా? అంతమంది పెద్దలు వచ్చినప్పుడు లేమి... పూర్తిగా ఉంటే బావుండదూ?”

“వకుళా,” అన్నాడు చిదంబరరావు, “నువ్వు మా శాఖలో ఉండాల్సినదానివి.”

“కొంచెం పులిహోర వేసుకోండి.”

ఉత్తర్వు ఆ సాయంత్రమే తయారైంది. ఆవిష్కరణ జరిగిన తక్షణమే తాటిదుంగను తొలగించవలెను. తొలగించినదానిని ఎవరు మౌఖికముగా కోరినను, ఎంతటివారు కోరినను తిరిగి అమర్చరాదు. మూల ఉత్తర్వే తప్పని జారీ చేసిన అధికారి స్వయముగా ప్రకటించిన సందర్భమున తప్ప. ఈ చివరి వాక్యం ప్రతి ఉత్తర్వు అడుగునా ఉండే మామూలు వాక్యమే. ఇంతవరకు ఎవరూ వాడుకోలేదు.

ముహూర్తం రోజున వకుళ ముందుగానే దుంగ దాటి పిన్ని దగ్గరకు చేరింది. ఊళ్ళోవాళ్ళను ఆ పూట ఎవరినీ కాలవ దాటొద్దని చెప్పింది. ఎందుకని గంగులు తప్ప ఎవరూ అడగలేదు. అతనికి చెవిలో చెప్పింది. గంగులు నోరు కండువాతో మూసుకుని కొబ్బరిచెట్టు వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

అవతలి గట్టున షామియానా, కుర్చీలు, విశ్వంభరంగారు, మైకు. ఇవతలి గట్టున ఊరు. చిదంబరరావు తెల్ల బట్టల్లో, భయంతో కళ్ళు మూతలు పడుతుంటే, ఇద్దరు బంట్రోతులు చెరో పక్కా పట్టుకోగా దుంగ దాటి ఇవతలికొచ్చాడు. బంట్రోతులు వెనక్కి వెళ్ళిపోయారు. మైకులో విశ్వంభరంగారు లేని వంతెన ఘనతను పొగిడారు. రెండు గట్ల మీదా ఒకేసారి తెర తీశారు. రెండు ఫలకాల మీదా ఒకే వాక్యం: “ఇచ్చట వంతెన లేదు.” అటూ ఇటూ చప్పట్లు.

చప్పట్లు ఆగేసరికి త్రిమూర్తులు మనుషులు దుంగను లాగి గట్టెక్కించేశారు.

విశ్వంభరంగారు చెయ్యి ఊపి, భోజనం సిద్ధంగా ఉందన్న అతిథిగృహం వైపు వెళ్ళిపోయారు. కార్లన్నీ ఆయన వెనకే వెళ్ళాయి. దుమ్ము అణిగాక కాలవకు అవతల త్రిమూర్తులు, అతని మనుషులు, దుంగ మిగిలారు. ఇవతల చిదంబరరావు మిగిలాడు. మధ్యలో ఏమీ లేదు. అధికారికంగా లేదు.

“త్రిమూర్తులూ! దుంగ వెయ్యి!”

“మౌఖికముగా కోరినను అమర్చరాదు సార్!”

“కోరేది నేనయ్యా!”

“ఎంతటివారు కోరినను, సార్! తమరే కలిపారు!”

చిదంబరరావు కాలవ వంక చూశాడు. ఈత రాదు. గుర్రపుడెక్క మీద కొంగ ఒకటి నడుచుకుంటూ అవతలికి పోయింది. ఆయన దాన్ని అసూయగా చూశాడు.

“మా ఇంట్లో ఉండండి అల్లుడుగారూ,” అంది మంగాయమ్మ ఆదరంగా. “ఎన్నాళ్ళయినా పర్లేదు. పొలాలు కూడా మునిగే ఉన్నాయి. వేసంగిలో కాలవ కట్టేస్తారు, అప్పుడు నడిచెళ్ళొచ్చు.”

అప్పుడే అవతలి గట్టున ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక సంచీ, తర్వాత ఒక పొట్ట, ఆ తర్వాత నాగలత దిగాయి. ఆటో వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నాగలత నడుం మీద చెయ్యి వేసుకుని గట్టు అంచు దాకా వచ్చింది. వకుళ అక్కడే గట్టున నిలబడిపోయింది. ఇది ఆమె వేసిన ఎత్తులో లేదు.

“ఎందుకొచ్చావే?” అరిచింది మంగాయమ్మ.

“మంచిరోజంటగా అమ్మా! ఉండలేక వచ్చేశాను! పెద్దపెద్దాళ్ళు వచ్చారంటే వంతెన కట్టేశారనుకున్నాను!” నాగలత ఫలకం చదివింది. కాలవ చూసింది. బావగారిని చూసింది. “బావా! బాగుంది మీ ఫలకం! మరి ఇందులో ఉన్నవాడు రేపో మాపో వస్తానంటున్నాడు. మీరు చెప్పే మహాకవిలా వాడికి కూడా జలుబు చేసి ఆగిపోతే బావుండునా?”

ఊరంతా నవ్వింది. నాగలత కూడా నవ్వబోయి, నడుం పట్టుకుని ఫలకం కింద గట్టు మీదే కూలబడింది. నొప్పి కాదు, ఆయాసం. కానీ ఇవతల మంగాయమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి సరాసరి నీళ్ళలోకి దిగబోయింది. గంగులూ వకుళా చెరో రెక్కా పట్టుకుని ఆపారు. ఆవిడ ఏడవలేదు. అతుక్కున్న చేత్తో గట్టు మీది గడ్డి పీకుతూ కూతుర్ని చూస్తూ కూర్చుంది, అంతే.

చిదంబరరావు ఆవిణ్ణి చూశాడు. అవతల నాగలతను చూశాడు. ఆ మధ్యనున్నదాన్ని, పథకం పుట్టాక మొదటిసారి, సరిగ్గా చూశాడు. ఎంత వెతికినా అందులో చరిత్ర కనిపించలేదు. నీళ్ళే కనిపించాయి.

“త్రిమూర్తులూ!” అన్నాడు. “ఉత్తర్వు పునఃపరిశీలించవలసిన ఆవశ్యకత కనిపించుచున్నది!”

“చాలదు సార్! తప్పని ప్రకటించాలి!”

“ఉత్తర్వునందు స్వల్ప పొరపాటు సంభవించినది!”

“ఎవరివల్ల సార్? తమరివల్లా, నావల్లా? నావల్లయితే నేనే రాసుకుంటాను సార్, పర్లేదు!”

ఎగతాళి అనుకుంటే కోప్పడేవాడు. త్రిమూర్తులు జన్మలో ఎగతాళి చెయ్యలేదు. మొహం నిండా విధేయతతో, జేబులోంచి పెన్ను తీసి నిలబడ్డాడు. చిదంబరరావుకు చెవులు ఎర్రబడ్డాయి. గట్టు అంచుకు వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“నావల్ల! ఉత్తర్వు తప్పు! లేమీ తప్పే, ఫలకాలూ తప్పే! కంకర వెనక్కి తెప్పించు! ముందు ఆ దుంగ పక్కన ఇంకో నాలుగు దుంగలు కట్టి, అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకురండి!”

త్రిమూర్తులు రాసుకున్నాడు. గంగులు ఈల వేసి, పదిమందిని కేకేసి తాళ్ళకోసం పరిగెత్తాడు. మంగాయమ్మ గబగబా లేచి, నీళ్ళు కాగబెట్టాలంటూ ఇంటివైపు బయల్దేరింది, ఇప్పుడే పురుడన్నట్టు.

చిదంబరరావు వెనక్కి తిరిగేసరికి వకుళ ఎదురుగా నిలబడి ఉంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మొహం అమాయకంగా పెట్టి అంది.

“గాలి అటు కొడుతోందండీ. నాకు సరిగ్గా వినపడలేదు.”

ఆయన ఆమె వంక చూశాడు. రెండు కొసలు, పూర్తి లేమి, పులిహోర, ఒక్కొక్కటే ఆయన మొహంలో వరసగా వెలిగాయి. కోపం వస్తుందేమోనని వకుళ ఒక అడుగు వెనక్కి వేసింది.

“తప్పు నాదే వకుళా,” అన్నాడు చిదంబరరావు.